చీటీలో ఒకటి, రక్తంలో ఇంకొకటి

ఓవర్‌డోస్ మరణాల లెక్కలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికా నగరాల్లో ఓవర్‌డోస్ మరణాల వార్తల్లో "పొరపాటున జరిగిన మరణాలు" అని వేరుగా రాస్తున్నారు. అది పొరపాటో, కావాలని చేసుకున్నదో ఎవరు తేలుస్తారు?

జవాబు: మరణ కారణం తేల్చే అధికారి. ఆయన్ని మెడికల్ ఎగ్జామినర్ అంటారు, కొన్నిచోట్ల కరోనర్ అంటారు. రక్త పరీక్ష ఒక్కటే చూసి తేల్చరు. గదిలో దొరికిన మాత్రల సీసాలో ఎన్ని మిగిలాయి, ఉత్తరమేమైనా రాసిపెట్టారా, అంతకుముందు ఆత్మహత్యాయత్నం చేశారా, ఇంట్లోవాళ్లు ఏం చెబుతున్నారు అనేవన్నీ కలిపి చూస్తారు. ఆ నిర్ణయాన్ని బట్టి మరణానికి అంతర్జాతీయ కోడ్ పడుతుంది. ఎక్స్ 40 నుంచి ఎక్స్ 44 వరకు పొరపాటున జరిగినవి, ఎక్స్ 60 నుంచి ఎక్స్ 64 వరకు కావాలని చేసుకున్నవి, వై 10 నుంచి వై 14 వరకు ఏ సంగతీ తేలనివి. ఈ మూడో గంప చిన్నదే అయినా రెండు నగరాలను పోల్చేటప్పుడు దెబ్బతీస్తుంది. ఒకచోట "తేలలేదు" అని రాసే మరణాన్నే ఇంకోచోట "పొరపాటు" కింద వేస్తారు. మద్యం ఒక్కటే ఎక్కువై పోయినవాళ్లది ఎక్స్ 45. వాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఇంకో మాట. తెలుగులో "డ్రగ్స్" అనగానే దొంగచాటు సరుకే మనసులో మెదులుతుంది. ఈ లెక్కల్లో ఆ మాట కిందికి మందుల షాపులో కొన్న నొప్పి మాత్ర, నిద్రమాత్ర కూడా వస్తాయి. రక్తంలో ఏయే మందులున్నాయో చెప్పే టాక్సికాలజీ నివేదికలు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే చివరి రెండు మూడు నెలల సంఖ్య ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి మరణాలు తగ్గాయనుకోవద్దు.

ప్రశ్న: నేను ప్రజారోగ్యం చదువుతున్నాను. చనిపోయినవారి జాబితాను ప్రిస్క్రిప్షన్ రికార్డులతో కలిపి చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తప్పులు పడతాయి?

జవాబు: అమెరికాలో నియంత్రణలో ఉన్న మందును షాపు ఇచ్చిన ప్రతిసారీ ఆ వివరం రాష్ట్ర రిజిస్టర్‌కు చేరుతుంది. కాలిఫోర్నియాలో దీన్ని క్యూర్స్ అంటారు. పేరు, పుట్టిన తేదీ, మందు, బలం, ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులకు, రాసిన డాక్టరు, ఇచ్చిన షాపు, అన్నీ అందులో ఉంటాయి. ముందు మనిషిని మనిషితో సరిపోల్చాలి. పేరు ఒక్కటే నమ్మితే మోసపోతాం. పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, ముద్దుపేరు, తారుమారైన రోజు-నెల, పాత చిరునామా, వీటివల్ల ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఆ తర్వాత మరణ తేదీ నుంచి 12 నెలలు వెనక్కి వెళ్లి మూడు సంగతులు వేర్వేరుగా తీయండి: ఏడాదిలో ఎప్పుడైనా మందు తీసుకున్నారా, చివరి 30 రోజుల్లో తీసుకున్నారా, పోయిన రోజున ఆ మందు చేతిలో ఉండాల్సిందా. ఈ మూడింటినీ కలిపి "ప్రిస్క్రిప్షన్ ఉంది" అని ఒక్క గడిలో వేస్తే అధ్యయనం అక్కడే పాడవుతుంది.

ఎందుకో ఒక ఊహా రికార్డుతో చూద్దాం. మార్చి 3న ఆక్సికోడోన్ (ఓపియాయిడ్ అనే మార్ఫిన్ జాతి నొప్పి మందు) 10 మిల్లీగ్రాములవి 60 మాత్రలు, రోజుకు 4 చొప్పున. అంటే 15 రోజుల సరుకు, మార్చి 17తో సరి. మార్చి 12న ఇంకో డాక్టరు 30 రోజులకు అల్ప్రజోలమ్ అనే నిద్రమాత్ర రాశారు. మనిషి మార్చి 21న పోయాడు. రక్తంలో రెండూ ఉన్నాయి. కాగితం లెక్క ప్రకారం ఆ రోజున చేతిలో ఉండాల్సింది అల్ప్రజోలమ్ ఒక్కటే. ఆక్సికోడోన్ "చీటీ (డాక్టరు ప్రిస్క్రిప్షన్) లేకుండా దొరికింది" కింద పడిపోతుంది. అసలు జరిగిందేమిటంటే, నొప్పి ఉన్నప్పుడే వేసుకోమని రాసిన మాత్రలు రోజుకు రెండో మూడో వాడితే మిగులుతాయి. కాబట్టి కచ్చితమైన గడువుతో ఒక లెక్క, దానికి 30 రోజులు కలిపి ఇంకో లెక్క, రెండూ చూపించండి. రెండింటి మధ్య తేడా ఎంతుందో చదివేవాళ్లకు తెలియాలి.

ఒక్కో ఓపియాయిడ్ బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, పోల్చడానికి మోతాదును మార్ఫిన్‌కు సమానంగా మార్చి చూస్తారు. పై ఉదాహరణలో 4 × 10 × 1.5, అంటే రోజుకు 60 మిల్లీగ్రాముల మార్ఫిన్‌తో సమానం. హైడ్రోకోడోన్‌కు గుణకం 1, కోడీన్‌కు 0.15. ట్రమడాల్‌కు మునుపు 0.1 ఉండేది, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాల్లో 0.2 అయింది. పాత పట్టికతో కొన్నేళ్లు, కొత్త పట్టికతో కొన్నేళ్లు లెక్కిస్తే లేని పెరుగుదల కనిపిస్తుంది. చర్మానికి అంటించే ఫెంటనిల్ (చాలా బలమైన ఓపియాయిడ్) ప్యాచ్ బలం గంటకు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, దాన్ని మిల్లీగ్రాముల వరుసలో వేయకండి. వ్యసన చికిత్సకు ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్‌ను ఈ కూడికలోకి అసలు తేవద్దు. అదే మందును నాలుగు రోజులు ముందే మళ్లీ తీసుకుంటే ఆ నాలుగు రోజులూ మోతాదు రెట్టింపైందని కూడా అనుకోకండి, రెండో సీసా మొదలయ్యే తేదీని ముందుకు జరపండి.

మోతాదు మీద ఇంత పట్టు ఎందుకంటే, వాషింగ్టన్ రాష్ట్రంలో 9,940 మంది రికార్డులతో చేసి 2010లో అచ్చయిన అధ్యయనంలో, మార్ఫిన్ లెక్కలో రోజుకు 20 మిల్లీగ్రాములలోపు తీసుకున్నవారితో పోలిస్తే 100 దాటినవారికి ఓవర్‌డోస్ ముప్పు దాదాపు తొమ్మిది రెట్లు ఉంది. ఆ ముప్పులో ప్రాణం పోయినవీ, బయటపడినవీ రెండూ ఉన్నాయి.

ప్రశ్న: రక్తంలో మార్ఫిన్ దొరికింది, చీటీలో మార్ఫిన్ లేదు. అంటే ఆ మనిషి దొంగచాటుగా కొన్నట్టేనా?

జవాబు: తొందరపడొద్దు. కోడీన్ ఒంట్లోకి వెళ్లాక కొంత మార్ఫిన్‌గా మారుతుంది. హెరాయిన్ కూడా చివరకు మార్ఫినే అవుతుంది. మధ్యలో ఏర్పడే 6-మోనోఅసిటైల్‌మార్ఫిన్ దొరికితే హెరాయిన్ అని గట్టిగా చెప్పొచ్చు. కానీ అది త్వరగా కరిగిపోతుంది కాబట్టి, దొరకనంత మాత్రాన హెరాయిన్ కాదని అనలేం. ఆక్సికోడోన్ నుంచి ఆక్సిమార్ఫోన్, హైడ్రోకోడోన్ నుంచి హైడ్రోమార్ఫోన్, డయాజెపామ్ నుంచి నార్‌డయాజెపామ్, టెమజెపామ్, ఆక్సజెపామ్ వస్తాయి. ఒక్క మాత్ర వాడినవారి నివేదికలో నాలుగు పేర్లు కనిపించొచ్చు.

అంబులెన్సులో, ఆస్పత్రిలో ఎక్కించిన మందులకు షాపు రికార్డు ఉండదు. వ్యసన చికిత్స కేంద్రాల్లో చేతికిచ్చే మెథడోన్ అనే ఓపియాయిడ్ వివరాలు గోప్యతా నిబంధనల వల్ల చాలా ఏళ్లు రాష్ట్ర రిజిస్టర్లకు చేరలేదు. పాత సంవత్సరాల్లో "చీటీ లేని మెథడోన్" అని కనిపిస్తే, ఆ మనిషి రోజూ చికిత్సకు వెళ్తున్నవాడేమో కూడా చూడాలి. బాగుపడాలని వెళ్లినవాణ్ని దొంగ కింద జమకట్టడం కన్నా పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

నమూనా తొడ రక్తనాళం నుంచి తీశారా, గుండె నుంచా అనేది కూడా చూడండి. చనిపోయాక కొన్ని మందులు అవయవాల నుంచి మళ్లీ రక్తంలోకి చేరి గుండె రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఎక్కువగా పోయేది కుర్రాళ్లేనా? డాక్టర్ల చుట్టూ తిరిగి చీటీలు పోగేసేవాళ్లేనా?

జవాబు: వెస్ట్ వర్జీనియాలో 2006లో మందుల ఓవర్‌డోస్‌తో పోయిన 295 మంది రికార్డులు చూశారు. 67 శాతం మగవాళ్లు. ఏడాదిలో ఐదుగురు అంతకన్నా ఎక్కువమంది డాక్టర్ల దగ్గర చీటీలు తీసుకున్నవారు 21 శాతమే. ఇలా తీసుకోవడం మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, మిగతా వయసులవారికన్నా 35–44 ఏళ్లవారిలో ఎక్కువ. చీటీ లేని మందు తీసుకున్నవారు 63 శాతం. అది 18–24 ఏళ్లవారిలో అత్యధికం, వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. అంటే పడుచువాళ్లను చంపింది ఎక్కువగా తమ పేరు మీద చీటీ లేని మందు.

తర్వాత కాలం మారింది. మసాచుసెట్స్‌లో 2013–15 మధ్య ఓపియాయిడ్లతో పోయినవారిలో పూర్తి టాక్సికాలజీ ఉన్న 2,916 మందిని చూస్తే, పోయిన రోజున ఏదో ఒక ఓపియాయిడ్ చీటీ నడుస్తున్నవారు 491 మంది. రక్తంలో దొరికిన ప్రతి ఓపియాయిడ్‌కూ చీటీ ఉన్నవారు 39 మందే. అప్పటికే హెరాయిన్, ఫెంటనిల్ ముందుకొచ్చాయి. దేశం మొత్తంమీద 2023లో 1,05,007 మంది ఓవర్‌డోస్‌తో పోయారు. మరణాల రేటు అత్యధికంగా ఉన్నది 35–44 ఏళ్లవారిలో, మగవారిలో ఆడవారి కన్నా రెండింతలకు పైనే.

చాలా వార్తలు తప్పేది ఇంకో చోట. "పోయినవారిలో 40 శాతం మందికి చీటీ ఉంది" అంటే, అదే ఊళ్లో అదే వయసువాళ్లలో బతికున్నవారికి ఎంతమందికి ఉంది? నడివయసు దాటినవారికి నొప్పి మందులు ఎటూ ఎక్కువే రాస్తారు. ఆ పోలిక లేకపోతే 40 అనే అంకె ఏమీ చెప్పదు.

ప్రశ్న: డాక్టర్లకు ఈ సంగతి తెలిస్తే రాయడం తగ్గుతుందా?

జవాబు: శాన్ డియేగో కౌంటీలో పరీక్షించి చూశారు. 170 మరణాలకు సంబంధించి, ఏడాదిలోపు ఆ మనుషులకు మందు రాసిన 861 మందిలో కొందరికి "మీ రోగి ఓవర్‌డోస్‌తో మరణించారు" అని మెడికల్ ఎగ్జామినర్ ఉత్తరం వెళ్లింది. బెదిరింపు లేదు, జాగ్రత్తగా రాసే పద్ధతులు అందులో ఉన్నాయి. తర్వాతి మూడు నెలల్లో ఉత్తరం అందనివారితో పోలిస్తే వాళ్లు రాసిన ఓపియాయిడ్ పరిమాణం 9.7 శాతం తగ్గింది. ఇది 2018లో అచ్చయింది. ఐతే ఏళ్లుగా వాడుతున్నవారికి ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమేనని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

ప్రశ్న: మా ఇంట్లో ఒకరు ఆపరేషన్ తర్వాత ఆక్సికోడోన్ వాడుతున్నారు. ఎప్పటి నుంచో రాత్రిపూట అల్ప్రజోలమ్ అలవాటు. భయపడాలా?

జవాబు: జాగ్రత్తపడాలి. రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి, మద్యం తోడైతే మరీను. ఓపియాయిడ్ వాడుతున్న మాజీ సైనికులపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో, ఓవర్‌డోస్ మరణాల్లో దాదాపు సగం అల్ప్రజోలమ్ జాతి నిద్రమాత్ర కూడా రాసి ఉన్నప్పుడే జరిగాయి. రాసిన డాక్టర్లిద్దరికీ రెండు మందుల సంగతీ చెప్పండి. అల్ప్రజోలమ్‌ను మాత్రం మీ అంతట మీరు ఠక్కున ఆపించకండి, మూర్ఛలు రావచ్చు. ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ ముక్కు స్ప్రే అడిగి దగ్గర పెట్టుకోండి.

పిలిచినా, కుదిపినా లేవకపోవడం, గురక గరగరమని మారడం, పెదవులు నీలమవడం, కంటిపాప సూదిమొనంత అవడం కనిపిస్తే అత్యవసర సేవలకు ఫోన్ చేసి, ఒక ముక్కురంధ్రంలో స్ప్రే పూర్తిగా నొక్కండి. ఊపిరి ఆడకపోతే నోటితో ఊదండి. రెండు మూడు నిమిషాల్లో తెలివి రాకపోతే రెండోది ఇంకో రంధ్రంలో. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. మాత్ర ప్రభావం అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, లేచి కూర్చున్నా వదిలి వెళ్లొద్దు. నలోక్సోన్ నిద్రమాత్ర మీద పనిచేయదు, కనుక పూర్తిగా మెలకువ రాకున్నా ఊపిరి నిలకడగా ఉందా అనేదే చూడండి. స్ప్రే ఎక్కడుందో ఇంట్లో మిగతావాళ్లందరికీ ఇవాళే చూపించండి, అవసరం పడినప్పుడు మందు వాడే మనిషి తనంతట తాను తీసుకోలేరు.