వెనక చక్రంలో పదో గుండు

ప్రశ్న: మా నాన్నగారి 22 అంగుళాల సైకిలు వెనక చక్రం ఊగుతుంటే ఇంట్లోనే ఊడదీశాను. చైను వైపు 9 బేరింగు గుండ్లు, అటు వైపు 8 వచ్చాయి. తక్కువైనవి కొత్తవి కొని, రెండు వైపులా ఖాళీ లేకుండా పదేసి పెట్టాను. చేత్తో తిప్పితే కాస్త బరువుగా ఉందనిపించింది. ఫ్రేములో బిగించాక గరగరమంటోంది. ఎక్కడ తప్పు చేశాను? ఫ్రీవీల్‌కి (చైను పట్టే వెనక పళ్ల చక్రానికి) కూడా గ్రీజు పెట్టాలా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు ఆ పదో గుండు తీసెయ్యండి. వెనక హబ్బులో, అంటే చక్రం నడిమి గొట్టంలో, పడేవి పావు అంగుళం గుండ్లు, వైపుకు 9. అవి పెట్టాక ఇంకొకటి పడుతుందేమో అన్నంత చోటు కనిపిస్తుంది. అది ఖాళీగానే ఉండాలి. అక్కడ పదోది దూరిస్తే అన్నీ ఇరుక్కుని ఒకటి పైకి లేస్తుంది, కోను (ఇరుసు మీద మరతో ఎక్కి గుండ్లకు ఆనే ముక్క) దాని నెత్తినెక్కుతుంది. (ముందు చక్రంలో వైపుకు 10 ఉంటాయి కానీ అవి ఇంకా చిన్నవి, అంగుళంలో పదహారో వంతులు మూడు. ఆ రెండు సైజులూ కలపకండి.)

రెండో సంగతి, పాత గుండ్లలో కొత్తవి కలిపారు. ఇది నాకు బాగా తెలిసిన తప్పు. భీమవరంలో మా నాన్న సైకిల్ షాపులో చక్రం విప్పేముందు కింద పాత పంచె పరవడం మొదటి పాఠం. నా పన్నెండో ఏట పంచె లేకుండా విప్పితే ఒక గుండు ఇసుకలో పోయింది. చెప్పడానికి భయమేసి, డబ్బాలోంచి కొత్తది ఒకటి వేసి బిగించాను. ఆ సైకిలు పాలు పోసే ఆయనది, రోజూ రెండు క్యాన్ల బరువు. వానాకాలం వెళ్లకముందే కోను గుంటలు పడి తిరిగొచ్చింది. మా నాన్న తన డబ్బుతో కొత్త కోను వేసి, నా అరచేతిలో పాత గుండు ఒకటి, కొత్తది ఒకటి పెట్టాడు. పాతది అరిగి వెంట్రుకవాసి చిన్నదవుతుంది, బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. అందుకే మారిస్తే 18 మార్చాలి.

ఇప్పుడు మళ్లీ విప్పండి. కప్పులు (హబ్బులో గుండ్లు కూర్చునే గిన్నెలు), కోనులు, ఇరుసు కిరసనాయిలుతో కడగండి, పొయ్యికి దూరంగా. గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద గ్రీజు నిలవదు. బాల్‌పెన్ను మొనను కోను మీద గుండ్లు నడిచే దారి వెంట తిప్పండి. ఎక్కడైనా టక్కుమని తగిలితే అక్కడ గుంట పడింది, కోను మార్చాల్సిందే. గ్రీజు ధారాళంగా పెట్టండి. గుండ్లు కప్పుకి అంటుకుని ఉండేది దానివల్లే.

చైను వైపు కోను, అది కదలకుండా పట్టే లాక్ నట్టు ఇరుసు మీద గట్టిగా బిగించేసి ఇక ముట్టుకోకండి. సర్దుబాటంతా ఎడమ వైపే. కోనుని వేళ్లతో గుండ్లకు ఆనేదాకా తిప్పి, కొంచెం వెనక్కి వదలండి. తర్వాత సన్న పానాతో కోను కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో లాక్ నట్టు బిగించండి. నట్టు బిగిసేటప్పుడు మరలో ఉన్న వదులు పోయి కోను ఇంకాస్త లోపలికి వస్తుంది. వేళ్లతో తిప్పినప్పుడు సరిగ్గా ఉన్నది నట్టు బిగించాక గట్టిపడేది అందుకే. లాక్ నట్టు వదులుగా ఉంటే మరీ కష్టం, చక్రాన్ని ఫ్రేముకి బిగించే బయటి నట్టుతోపాటు కోను కూడా తిరిగిపోతుంది. నాకు ఇప్పటికీ ఒక్కసారికి కుదరదు, మూడు నాలుగుసార్లు విప్పి సర్దుతాను. ఆ ఓపిక మీరూ పట్టండి.

స్టాండు, క్యారియరు కాళ్లు, మడ్‌గార్డు కడ్డీలు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో ఎక్కించండి. చక్రాన్ని వెనక్కి లాగి చైను మధ్యలో అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ఆడేలా చూసి, చైను వైపు నట్టు ముందు బిగించండి. తర్వాత టైరు ఫోర్కుకి మధ్యలో ఉండేలా జరిపి ఎడమది బిగించండి.

ఫ్రీవీల్‌కి గ్రీజు వద్దు. లోపల పళ్లను పట్టే చిన్న నాలుకలు గ్రీజుకి అతుక్కుపోతే పెడలు తొక్కినా చక్రం కదలదు. సైకిలు పడుకోబెట్టి సన్న నూనె నాలుగు చుక్కలు వేస్తూ తిప్పండి, చాలు. దాన్ని విప్పే ప్రయత్నం మాత్రం చెయ్యకండి, అందులో ఆవగింజల్లాంటి గుండ్లు పదుల్లో ఉంటాయి.

అంతా అయ్యాక సైకిలు స్టాండు వేసి, చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. గరగరమనకుండా, టక్కున పట్టెయ్యకుండా మెల్లమెల్లగా నెమ్మదించి ఆగాలి. రిమ్ము పట్టుకుని పక్కలకు కదిపితే టకటక ఉండకూడదు. రెండు రోజులు తొక్కి, ఈ రెండూ ఇంకోసారి చూడండి. మీ నాన్నగారు ఎక్కకముందే చూడండి.