బీటా ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంటుంది?

ప్రశ్న: ఒకే షేరుకి ఒక సైట్‌లో బీటా (మార్కెట్ సూచీ ఒక శాతం కదిలితే షేరు సగటున ఎంత శాతం కదులుతుందో చెప్పే అంకె) 0.8 అని, ఇంకోదాంట్లో 1.3 అని ఉంది. ఏది నమ్మాలో తెలియక షేరువీ సూచీవీ ఐదేళ్ల నెలవారీ ధరలు ఎక్సెల్‌లో వేసి నేనే రిగ్రెషన్ చేస్తే, అంటే ఆ చుక్కలకి దగ్గరగా పోయే గీత గీస్తే, వాలు 0.11 వచ్చింది, గీత ఎంత బాగా కుదిరిందో చెప్పే ఆర్ స్క్వేర్ (1 అయితే పూర్తిగా కుదిరినట్టు) 0.94. అంత బాగా కుదిరిన గీత తప్పెలా అవుతుంది?

జవాబు: మీరు ధరలతో చేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది. బీటాకి కావాల్సింది రిటర్న్స్, అంటే పోయిన నెలతో పోలిస్తే ఈ నెల ధర ఎంత శాతం మారిందన్నది, షేరుకీ సూచీకీ రెండింటికీ. ఐదేళ్లలో రెండూ పైకి పోతూ ఉంటే చాలు, వాటి మధ్య సంబంధం పెద్దగా లేకపోయినా ఆర్ స్క్వేర్ అలా పెరిగిపోతుంది, కాబట్టి ఆ 0.94 చూసి మురిసిపోకండి. ఆ షేరుని ఒకటికి పదిగా స్ప్లిట్ చేసి పాత ధరలన్నీ సర్దారనుకోండి, మీ 0.11 కాస్తా 0.011 అవుతుంది. కంపెనీ రిస్క్ ఏమైనా మారిందా? శాతాలతో చేస్తే ఈ గొడవే ఉండదు.

61 ధరలు తీసుకుంటే 60 రిటర్న్స్ వస్తాయి. వాలు లెక్కించే స్లోప్ ఫంక్షన్‌లో ముందు షేరు, తర్వాత సూచీ ఇవ్వాలి, తారుమారైతే అంకె పూర్తిగా వేరే.

ఇక సైట్ల సంగతి. ఒకరు వారానివి, ఒకరు నెలవి తీసుకుంటారు, సూచీ వేరు, కాలం వేరు. కొందరు లెక్క కట్టిన బీటాని 1 వైపు కాస్త జరుపుతారు కూడా: మూడింట రెండు వంతులు అసలు అంకె, ఒక వంతు 1. అలా 1.45 కాస్తా 1.3 అవుతుంది. బీటాలు కాలక్రమంలో 1 వైపు జరుగుతాయని మార్షల్ బ్లూమ్ 1971లో చూపించాడు, ఆ సర్దుబాటు అక్కణ్ణుంచి వచ్చిందే.

కానీ నన్నడిగితే అందరూ వదిలేసేది స్టాండర్డ్ ఎర్రర్, అంటే లెక్క కట్టిన బీటా అటూ ఇటూ ఎంత తేడాగా ఉండొచ్చో చెప్పే అంకె. 60 నెలల లెక్కలో బీటా 1.2, స్టాండర్డ్ ఎర్రర్ 0.3 వచ్చాయనుకోండి, అసలు బీటా సుమారు 0.6 నుంచి 1.8 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మీరు చూసిన 0.8, 1.3 రెండూ అందులోనే ఉన్నాయి! అప్పుడు ఆర్ స్క్వేర్ 0.22 దగ్గర ఉంటుంది, అది తక్కువని కంగారు పడొద్దు, షేరు కదలికలో మిగతాదంతా ఆ కంపెనీ సొంత వ్యవహారం.

చివరగా చుక్కల చార్ట్ ఒకటి గీసి చూడండి. ఏదో ఒక్క నెలలో షేరు 40 శాతం ఎగిరి ఆ చుక్క దూరంగా కనబడితే, అది తీసేసి మళ్లీ లెక్కించండి, వాలు ఎంత మారిందో రాయండి.