అమ్మాయి చదువు డబ్బుతో టేకు తోట వేయొచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకి 65,000 చేతికొస్తుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర నాన్నగారి పేరు మీద 5 ఎకరాల మెట్ట ఉంది. తాతల నాటి భూమి. తమ్ముడు కంది, సజ్జ వేస్తాడు. ఖర్చులు పోను ఏడాదికి 75,000 దాకా మిగులుతుంది. ఈమధ్య ఒక నర్సరీ ఏజెంటు ఇంటికొచ్చి, టిష్యూ కల్చర్ టేకు వేస్తే 15 ఏళ్లలో ఎకరానికి 2 కోట్లు వస్తాయన్నాడు. ఎకరానికి 400 మొక్కలు, చెట్టుకి 20 ఘనపుటడుగుల కలప, అడుగు 2,500 రూపాయలని లెక్క రాసిచ్చాడు. మొక్కలు, డ్రిప్పు, కంచె అన్నీ కలిపి 12 లక్షలవుతుందట. నా దగ్గర 12 లక్షల ఎఫ్‌డీ ఉంది. అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. తమ్ముడేమో కొన్ని ఎర్రచందనం మొక్కలు కూడా పెడదామంటున్నాడు. ఎఫ్‌డీ తీసి పెట్టమంటారా?

జవాబు: ఎఫ్‌డీ ముట్టుకోకండి. చెట్లు వేయాలన్న కోరిక మంచిదే, వేయండి. ఈ డబ్బుతో మాత్రం వద్దు, అయిదెకరాలూ వద్దు.

ముందు ఏజెంటు రాసిచ్చిన లెక్క చూద్దాం. 400ని 20తో, దాన్ని 2,500తో గుణిస్తే 2 కోట్లే వస్తుంది. గుణకారం సరిగ్గానే ఉంది. చూడాల్సింది ఆ 20 ఘనపుటడుగుల దగ్గర. దుంగని కొలిచే పాత పద్ధతి ఒకటుంది. నడిమధ్యన చుట్టుకొలత తీసి నాలుగుతో భాగిస్తారు. వచ్చినదాన్ని దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణిస్తారు. ఈ లెక్కన ఒక చెట్టు 20 ఘనపుటడుగులు ఇవ్వాలంటే నాలుగడుగుల చుట్టుకొలతతో, వంకర లేకుండా 20 అడుగుల దుంగ రావాలి. ఉదయగిరి మెట్టలో 15 ఏళ్ల టేకు అంత లావెక్కుతుందని నేను నమ్మను. చుట్టుకొలత 30 అంగుళాలు, పొడవు 12 అడుగులు అనుకోండి, వచ్చేది 4.7 ఘనపుటడుగులు. ఏజెంటు చెప్పినదాంట్లో నాలుగోవంతు కూడా కాదు.

ధర కూడా లావుని బట్టే ఉంటుంది. టేకు విలువంతా చేవలో, అంటే నడిమి ముదురు చెక్కలో ఉంది. లేత చెట్టులో తెల్లచెక్క ఎక్కువ, దానికి చెద పడుతుంది. అటవీ శాఖలు టేకుని 50, 60 ఏళ్లు పెంచి కొట్టేది అందుకే. కేరళలోని నిలంబూరులో 1840ల్లో నాటిన తోట చెట్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. లేత సన్న దుంగకీ, పెద్ద ముదురు దుంగకీ ఒకే ధర పలకదు. మీ తమ్ముణ్ని ఆత్మకూరులోనో కావలిలోనో ఏదైనా సామిల్లుకి వెళ్లి, పొలాల్లో పెరిగిన 30 అంగుళాల టేకు దుంగని ఎంతకి కొంటారో అడగమనండి. అమ్మే ధర కాదు, కొనే ధర. ఆ ఒక్క మాటతో సగం విషయం తేలిపోతుంది.

ఇప్పుడు నా లెక్క. 15 ఏళ్లు చాలవు కాబట్టి 20 ఏళ్లకి వేస్తున్నాను. మీ 12 లక్షలు ఏడాదికి 7 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్లకి 46 లక్షలు దాటుతుంది. తోటకి నీళ్లు, కలుపు, కాపలా అంటూ ఏటా 60,000 పెట్టారనుకోండి, అదే వడ్డీతో అది 24.6 లక్షలు. తమ్ముడికి ఏటా మిగిలే 75,000 ఆగిపోతుంది కదా, అది 30.7 లక్షలు. అంటే ఆ తోట నుంచి కోటీ 2 లక్షలు వస్తే మీరు మొదలుపెట్టిన చోటే ఉన్నట్టు. చెట్లు లావెక్కాలంటే మధ్యలో కొన్నిటిని కొట్టి పలుచన చేయాలి, అందుకని 2,000 మొక్కల్లో చివరికి 1,000 చెట్లు నిలుస్తాయనుకుందాం. చెట్టుకి 4.7 ఘనపుటడుగులు, ఘనపుటడుగు 1,000 రూపాయలు అనుకుంటే అయిదెకరాలకీ కలిపి 47 లక్షలు. చుట్టుకొలత మూడడుగులకి చేరినా 67 లక్షలే. పలుచన చేసినప్పుడు గుంజలు అమ్మిన డబ్బు కలిపినా ఈ లోటు పూడటం కష్టం. ఇందులో ఏ అంకె మీకు తక్కువనిపించినా మార్చి, మళ్లీ వేసి చూడండి. ఎకరానికి 2 కోట్ల దగ్గరికి మాత్రం రాదు.

ఇవన్నీ పక్కన పెట్టినా, నన్ను ఆపుతున్నది ఇంకొకటి. మీ అమ్మాయికి నాలుగేళ్లలో కాలేజీ ఫీజు కట్టాలి. ఆ ఫీజుకి తేదీ ఉంది, చెట్టుకి లేదు. నాలుగో ఏట టేకు మొక్కని ఎవరూ కొనరు, దాని మీద బ్యాంకు అప్పూ తేలిగ్గా పుట్టదు. అలాంటప్పుడు భూమి తాకట్టు పెట్టడమో, లేత చెట్లని అయినకాడికి అమ్మడమో జరుగుతుంది. ఈ రెండూ నేను చూశాను. తోట బాగా పెరుగుతున్న ఇళ్లలోనే చూశాను.

బై బ్యాక్ ఒప్పందం, అంటే పెరిగిన కలపని తామే కొంటామన్న రాత, ఇస్తామని కూడా ఏజెంటు అనే ఉంటాడు. మా నాన్న 1990ల్లో ఒక టేకు కంపెనీ బాండ్లు కొన్నారు, ఇరవయ్యేళ్లకి లక్షలు ఇస్తామని అందమైన పత్రం పంపారు. కంపెనీ అయిదేళ్లు కూడా నిలవలేదు. ఆ పత్రం బీరువాలో చాలా ఏళ్లు ఉంది. అప్పట్లో దేశమంతా ఇలాంటి కంపెనీలు కుప్పకూలాకే పెట్టుబడుల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాలకి నిబంధనలు తెచ్చింది. ఎవరైనా తమ భూమిలోని చెట్లని మీకు యూనిట్లుగా అమ్మి, పెంచే బాధ్యత మాదే, లాభం మీదే అంటే దానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మీ సొంత భూమిలో వేసేటప్పుడు ఆ నిబంధన వర్తించదు గానీ, పదిహేనేళ్ల తర్వాత కొంటానన్న మాటకి విలువ ఆ మనిషి అప్పటికి ఉంటేనే. బై బ్యాక్ పేరు చెప్పి మొక్కకి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. డబ్బు మీది, భూమి నాన్నగారి పేరు మీద, చెమట తమ్ముడిది. ఇరవయ్యేళ్లలో ఈ ముగ్గురి మధ్య ఏం మారుతుందో ఎవరు చెప్పగలరు? నేల మీద నిలబడి ఉన్న చెట్టు నేలతోనే పోతుంది, అంటే నేల ఎవరిదైతే చెట్టూ వాళ్లదే. మీది తాతల నాటి భూమి అంటున్నారు. మీరు ఆ ఇంటి కూతురైనా సరే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. మన రాష్ట్రంలోనైతే పెళ్లికాని కూతుళ్లకి 1985 నుంచే ఇచ్చారు. హక్కు ఉండటం వేరు, కాగితం ఉండటం వేరు. ఒక్క మొక్క నాటకముందే నాన్నగారు ఉండగానే ముగ్గురూ కూర్చోండి. చెట్లు ఎవరివి, కాపలాకి తమ్ముడికి ఎంత, కొట్టేటప్పుడు ఎవరి సంతకం కావాలి అన్నవి రాసుకుని, న్యాయవాదికి చూపించి రిజిస్టర్ చేయించండి. ఇలా అడగడానికి మొహమాటంగా ఉంటుందని తెలుసు. తమ్ముడి మీద అనుమానంతో కాదని, రేపు వాళ్ల పిల్లలకీ మీ అమ్మాయికీ మాట పట్టింపులు రాకూడదనే అని చెప్పండి.

తమ్ముడి ఎర్రచందనం మాట నాకు నచ్చింది, ఎందుకంటే అది మీ నేల చెట్టే. వెలిగొండ, శేషాచలం, నల్లమల లాంటి తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఎండకీ, రాళ్ల నేలకీ తట్టుకుంటుంది. కానీ టేకు కన్నా నెమ్మది. చేవ పట్టడానికి మీ వయసు కాదు, మీ అమ్మాయి వయసు లెక్కేసుకోవాలి. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది కాబట్టి ఎగుమతికి అనుమతి కావాలి. కొట్టడానికీ, తరలించడానికీ అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. పట్టా భూముల్లో పెంచినదాని ఎగుమతికి 2023 నవంబరు తర్వాత దారి కొంత సులువైంది. నాటిన ఏడాదే అడంగల్‌లో, అంటే ఊరి భూమి, పంటల రికార్డులో చెట్ల సంఖ్య రాయించండి, మొక్కలు కొన్న రసీదులు దాచండి. అది మీ పొలంలో పెరిగిందని రుజువు చేసుకోలేకపోతే చెట్టుండీ అమ్ముకోలేరు. దొంగల భయం కూడా నిజమే. ఇంటికి దూరంగా ఉన్న పొలమైతే పాతికకి మించి వద్దు.

పన్ను సంగతి క్లుప్తంగా. దున్ని, నాటి, పెంచిన చెట్ల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమేనని సుప్రీంకోర్టు 1957 నాటి తీర్పు ఆధారంగా చెప్పొచ్చు. అయితే చెట్లు అమ్మిన ఏడాది మీకు జీతమో, పన్ను పడే మరో ఆదాయమో ఉంటే, దాని మీద పన్ను రేటు లెక్కించడానికి ఈ డబ్బుని కలుపుతారు.

ఇలా చేయండి. ఎఫ్‌డీని నాలుగు ముక్కలుగా, అమ్మాయి ఫీజు కట్టాల్సిన నెలలకి సరిపడేలా విడదీసి పెట్టండి. పొలంలో కంది, సజ్జ అలాగే సాగనివ్వండి. ఈ వానలకి గట్ల మీద పది అడుగులకొకటి చొప్పున 150 టేకు మొక్కలు పెట్టండి. గట్టు మీద చెట్టుకి వెలుతురు బాగా దొరికి తొందరగా లావెక్కుతుంది. నీడ పడే చాళ్లలో పంట కొంచెం తగ్గుతుంది, తమ్ముడికి అది ముందే చెప్పండి. ఇంటి వైపు గట్టు మీద పాతిక ఎర్రచందనం. ఖర్చు మీ ఏడాది బోనస్ దాటకూడదు. మూడేళ్లయ్యాక ఎన్ని బతికాయో, మొదలు చుట్టుకొలత ఎంతుందో టేపుతో కొలిచి నాకు రాయండి. అప్పుడు ఒక ఎకరం పూర్తి తోటగా మార్చాలా వద్దా అన్నది మాట్లాడదాం.