జుట్టు నీది, జగడం మీ అమ్మది

కందుకూరు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది, వేయడం లేదు. వయసు ఇరవై అయిదు, ఒంగోలులో ఉద్యోగం, రోజూ బస్సులో పోయి వస్తుంది. పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. బడిలో సాయిబాబా అనీ, కాలేజీలో మ్యాగీ అనీ పిలిచేవాళ్లట. నెల్లూరు సంబంధం కుదిరింది. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. మాఘమాసంలో ముహూర్తం. పెళ్లిచూపుల నాడు వాళ్లమ్మ కొబ్బరినూనె దండిగా పట్టించి, ఒక్క వెంట్రుక పైకి లేవకుండా జడ బిగించి కూర్చోబెట్టింది. ఇప్పుడు పెళ్లిలోపు స్ట్రెయిటెనింగ్ చేయించి తీరాలని ఒంగోలు పార్లర్‌లో ఎనిమిది వేలకి మాట్లాడి, రెండు వేలు అడ్వాన్సు కూడా కట్టేసింది. ‘చేయించుకోవాలా, వద్దా? జుట్టు ఊడిపోతుందా? రేపు పిల్లలు పుట్టడానికి ఏమైనా ఇబ్బందా? త్వరగా చెప్పండి మేడం’ అని అడుగుతోంది.

తల్లీ, నువ్వడిగినదానికి జవాబు ఒక ముక్కలో అయిపోతుంది. పెళ్లికి ముందు వద్దు. పెళ్లయ్యాక నీకే ముచ్చట పుడితే, నీ జీతం డబ్బుతో, నీ ఇష్టం. ఈ జుట్టు విషయంలో ఇంతకు మించిన ధర్మసందేహం నాకు కనబడలేదు.

ఎందుకు వద్దంటున్నానో మాత్రం చెప్పాలి, డబ్బు తీసుకునేవాళ్లు చెప్పరు గనుక. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. అందులో ఉండే గంధకపు బంధాల వల్లే దాని వంపు నిలబడుతుంది. రీబాండింగ్ అను, స్ట్రెయిటెనింగ్ అను, చేసేది ఒకటే: మందు పూసి ఆ బంధాలు తెంచుతారు, వేడి పలకల మధ్య లాగి తిన్నగా చేస్తారు, రెండో మందుతో అలాగే బిగించేస్తారు. మందు ఉంచాల్సినదానికన్నా కాసేపు ఎక్కువ ఉంచినా వెంట్రుక నడిమికి తెగుతుంది, మాడు మంటెత్తుతుంది. తలకి గోరింటాకు పొడో నల్లరంగో పెట్టుకునే అలవాటుంటే అదీ ముందే చెప్పాలి. కొన్ని పొడుల్లో కలిపే లోహపు లవణాలకీ ఈ మందులకీ పడదు.

ఇక కెరటిన్ ట్రీట్‌మెంటనీ, స్మూతెనింగనీ ముద్దుపేర్లతో చేసేవాటిల్లో కొన్ని, వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతాయి. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని రాసి అమ్మేవాటిల్లో కొన్నిటికి గ్లైఆక్సిలిక్ యాసిడ్ వాడతారు. ఇజ్రాయెల్‌లో 2019 నుంచి 2022 మధ్య ఇలాంటి ట్రీట్‌మెంట్ చేయించుకున్నాక కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది కేసుల్ని అక్కడి డాక్టర్లు నమోదు చేశారు. పిల్లల సంగతి అడిగావు కాబట్టి ఇది కూడా. 2022లో అమెరికాలో 33 వేలమందికి పైగా ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. స్ట్రెయిటెనింగ్ మందులు ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్లలో గర్భసంచి క్యాన్సర్ అసలు వాడనివాళ్లకన్నా రెండింతలు పైగా కనబడింది. ఆ మందుల వల్లే వచ్చిందని రుజువైనట్టు కాదు, ఒక్కసారి చేయించుకుంటే వచ్చేస్తుందనీ కాదు, హడలిపోకు. కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ మాత్రం డాక్టర్లు వద్దనే అంటారు. పెళ్లయిన మొదటి ఏడాది నీ ఒంటి పరిస్థితి ఎప్పుడెట్లా ఉంటుందో, మళ్లీ పార్లర్‌కి పరిగెత్తే వీలుంటుందో లేదో చూసుకోవా?

మళ్లీ ఎందుకంటావేమో. ఆ మందు పైనున్న వెంట్రుకకే. కుదుళ్లలోంచి వచ్చే కొత్త జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు చొప్పున ఉంగరాలతోనే వస్తుంది. శ్రావణమాసం నోముకి అత్తగారింట్లో పీట మీద కూర్చునేనాటికి నెత్తిన రెండు మూడంగుళాలు రింగులు, కింద చీపురుపుల్లలు. అప్పుడు మీ అమ్మ చెప్పే కథ ఏమిటి?

ఇంకొకటి, మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. చేయించుకున్నాక మూడు రోజులు తల తడపొద్దనీ, ముడి వేయొద్దనీ, పిన్ను పెట్టొద్దనీ చాలాచోట్ల చెప్తారు. పెళ్లికి వారం ముందు నుంచి పెళ్లికూతురి తల ఎవరి చేతుల్లో ఉంటుంది? నలుగు పెట్టేవాళ్లు నూనె అంటుతారు, మంగళస్నానం చేయిస్తారు, పూలజడ కుట్టి బిగిస్తారు, నడినెత్తిన జీలకర్ర బెల్లం, ఆపైన పసుపు తలంబ్రాలు. తర్వాత రెండుసార్లు తలంటినా ఆ బెల్లం వదలదు. పూలజడకైతే నీ జుట్టే మేలు. పట్టుకుచ్చులాంటి జుట్టుకి పిన్నులు నిలవక, సప్తపదికి లేచేసరికి జడ జారిపోయి తోడిపెళ్లికూతురు వెనక పట్టుకుని నడవడం ఎన్ని పెళ్లిళ్లలో చూడలేదు!

జుట్టు సంగతి ఇక్కడితో సరి. నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది వేరే. నీకు పుట్టువెంట్రుకలు తీయించాక కూడా ఏడేళ్లు నిండేలోపు మీ అమ్మ ఇంకో రెండుసార్లు మాలకొండ నరసింహస్వామి గుడికి తీసుకెళ్లి గుండు చేయించిందని రాశావు. ‘ఈసారి సాఫీగా వస్తుందిలే’ అందట. వంపు పుట్టేది చర్మం లోపల, వెంట్రుక కుదురు ఆకారంలో. శనివారం తప్ప తలుపు తీయని స్వామి గడప దాకా పోయి మొక్కుకున్నా పై వెంట్రుక పోతుందిగానీ కుదురు మారదు. ఆ సంగతి రెండోసారికే తెలిసి ఉంటుంది. అయినా మూడోసారి చేయించిందంటే పసిపిల్ల నెత్తిన ఆమెకి ఏం కనబడుతోంది?

అదీ నువ్వే రాశావు, చివర్లో, మాటల్లో మాటగా. ‘నాది అచ్చం మా నాయనమ్మ జుట్టు. అమ్మకి కోపమొస్తే ఆ పోలికలెక్కడికి పోతాయిలే అంటుంది.’ మీ అమ్మకి పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు గాజులూ మీ మేనత్త పెళ్లి ఖర్చుకని మీ నాయనమ్మ అడిగి తీసుకుని తాకట్టు పెట్టింది. అవి ఇప్పటికీ ఇంటికి రాలేదు. అడిగితే ‘ఇంటి ఆడబిడ్డకి పెట్టినదానికి కూడా లెక్కలా’ అందట ఆ పెద్దావిడ. అప్పటినుంచి రాకపోకల్లేవు. నీ ఓణీల ఫంక్షన్‌కి కూడా ఆమెని పిలవలేదు. ఆమె కనిగిరి అవతల పల్లెలో చిన్నకొడుకు దగ్గర, ఆ ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగిపోయి, మంచం పక్కన కర్ర పెట్టుకుని ఉంది. మీ నాన్న పండక్కి ఒక్కడే పోయి చూసి, ఒక్కడే తిరిగొస్తాడు.

ఇప్పుడు చూడు. మీ అమ్మ నీ తల దువ్వుతూ ‘ఏం జుట్టే ఇది’ అన్నప్పుడల్లా తిట్టింది నిన్ను కాదు. కానీ దువ్వెన దిగింది నీ తలలోనే. అంత గట్టిగా లాగి జడ వేయడం వల్ల నుదుటి దగ్గర వెంట్రుకలు పలచబడ్డాయని రాశావు. అదేదో జబ్బనుకుంటున్నావు. ఏళ్ల తరబడి కుదుళ్లు లాగితే అట్లాగే పలచబడుతుంది, అందుకని ముందు ఆ బిగింపు జడ మానెయ్యి. తిరిగొస్తుందా లేదా చర్మ వైద్యులు చూసి చెప్తారు. ఒకసారి చూపించుకో.

మీ అమ్మది అన్యాయమని నేననను. ఆమెకే అన్యాయం జరిగింది. పుట్టింటి గాజులు ఆడదాని సొంతం. వాటిని అత్తగారు తీసుకుని, మాట కూడా అనడం, కట్టుకున్నవాడు పక్కనే నిలబడి చూస్తూ ఊరుకోవడం సామాన్యమైన బాధ కాదు. మీ నాన్న ఆనాడు ‘అమ్మా, ఈ గాజులు నేను విడిపిస్తాను’ అని ఒక్కమాట అని ఉంటే నువ్వు నాకు ఈ ఉత్తరం రాసేదానివి కాదు. సౌమ్యుడని రాశావు మీ నాన్నని. నా లెక్కలో దాన్ని సౌమ్యం అనరు. ఇద్దరాడవాళ్లు తన పేరు మీద ఇన్నేళ్లు కొట్టుకుంటుంటే పండగనాడు ఇటు సంచి, అటు సంచి మోసుకుని తిరిగే మగవాళ్లంటే నాకు గౌరవం తక్కువ.

కాబట్టి నువ్వు మాట్లాడాల్సింది ముందు మీ అమ్మతో. స్ట్రెయిటెనింగ్ మంచీ చెడ్డా ఆమెతో వాదించకు, ఓడిపోతావు. ‘అందరూ చేయించుకుంటున్నారు, పక్కింటి పిల్లకేమయింది’ అంటుంది. ఒక పూట వంటయ్యాక, మీ నాన్న కూడా ఇంట్లో ఉన్నప్పుడు కూర్చోబెట్టు. ‘అమ్మా, నీ గాజులు పోయిన సంగతి నాకు తెలుసు, నీకు అన్యాయం జరిగింది’ అను. నువ్వా ముక్క ఆమెతో ఎప్పుడూ అనలేదని నీ ఉత్తరమే చెప్తోంది. ఆ తర్వాత, ‘కానీ నా జుట్టు నేను మార్చుకోను, నేను అత్తారింటికి పోయేది ఈ తలతోనే’ అని చెప్పు. ఏడుస్తుంది. ఏడవనీ. మీ నాన్న లేచి బయటికి పోబోతే ఆపు. గాజులు చేయించాల్సింది ఆయన. పెళ్లిఖర్చుల్లో కుదరకపోతే తర్వాతైనా చేయిస్తానని నోటితో చెప్పాలి, మీ అమ్మ వినాలి. ఆ ఎనిమిది వేలకి ఇవాళ గ్రాము బంగారం కూడా రాదనుకో. అయినా ఆ డబ్బు జుట్టు కింద పోసేకన్నా ఆ గాజుల లెక్కలో మొదటి జమగా వేయమను.

పెళ్లికొడుకు గురించి నువ్వు చాలా రాశావు, నేను కొంచెమే చెప్తాను. రోజూ రాత్రి ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, ఫోటోలు పంపుకుంటున్నారు, అన్నిటిలోనూ జడే. ఈ ఆదివారం తలంటుకుని, జుట్టు ఆరాక విరబోసుకుని ఒక ఫోటో పంపు. ‘ఎట్లా ఉంది?’ అని కింద రాయొద్దు, ‘ఏమనుకోవద్దు’ అనీ రాయొద్దు. ఊరికే పంపు. బాగుందంటే సంతోషం. మొహం ముడుచుకునే మనిషైతే మాఘమాసం లోపలే తెలియడం మంచిది. వాళ్లమ్మగారు ఏమంటారోనని మీ అమ్మ బెంగ పెట్టుకుంది గానీ, ఆవిడ ఇంతవరకూ నీ జుట్టు గురించి నోరెత్తలేదని నువ్వే రాశావు. అనని మాటకి సమాధానాలు ఇప్పటినుంచీ వెతకొద్దు.

ఈలోపు జుట్టుకి చేసుకోదగ్గవి రెండు మూడున్నాయి. ఉంగరాల జుట్టు ఆరాక దువ్వితే తెగుతుంది, గడ్డివామై కూర్చుంటుంది. తడిగా ఉన్నప్పుడే, కండిషనర్ రాసుకుని, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకో. టర్కీ తువ్వాలుతో రుద్దకుండా పాత నేత పంచెతో నీళ్లు ఒత్తుకో. మీ ఇంట్లో ఉప్పు తగిలే బోరునీళ్లయితే ఆఖరి చెంబులు రెండు మంచినీళ్లు పోసుకో, తేడా నీకే తెలుస్తుంది. మీ నాయనమ్మకీ ఇదే జుట్టు ఉందిగా, ఆమె ఈ వయసు దాకా ఏం పెట్టుకుని దాన్ని దారికి తెచ్చుకుందో అడుగు.

అడగడానికి ఎట్లాగూ వెళ్తావు. పెళ్లికార్డు నాయనమ్మకి పంపాలా వద్దా అని ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదని రాశావు. పంపడమేమిటి! పెద్దదిక్కు బతికుండగా పోస్టులో కార్డు పంపే ఇల్లు నేనైతే చూడలేదు. ఈసారి మీ నాన్న ఒక్కడే వెళ్లడానికి వీల్లేదు, నువ్వు కూడా బస్సెక్కు. ఆమె చేతికి కార్డిచ్చి కాళ్లకి దండం పెట్టు. గాజుల సంగతి ఎత్తాలనిపిస్తే ఎత్తు, మనవరాలి హోదాలో, మెత్తగా. ఆమె ఒప్పుకోకపోవచ్చు, ఆ వయసులో ఒప్పుకోవడం కష్టం. ఆక్షేపించకుండా లేచి రా. మీ అమ్మని వెంట రమ్మని బలవంతపెట్టకు. కార్డు నాలుగు మూలలా పసుపు రాసి ఇమ్మను, అది పెళ్లికూతురి తల్లి చేయాల్సిన పనే.

పార్లర్‌కి ఫోను నువ్వే చెయ్యి, మీ అమ్మ చేత చేయించకు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వకపోవచ్చు. అట్లయితే ఆ రెండు వేలు పెళ్లినాటి పూలజడకి, చీరకట్టుకి జమ వేసుకోమని చెప్పు. జడ వేసే పిల్లకి నీ జుట్టు ఎట్లాంటిదో ముందే చూపించి పెట్టుకో.