తమ్ముడు చెబితే ఒప్పుకుంది, నేను చెబితే కాదంది

ప్రశ్న: నాలుగేళ్లుగా ఆన్‌లైన్ మ్యాప్‌లో షాపుల వివరాలు సరిచేస్తున్నాను. మారిన ఫోన్ నంబర్లు, తప్పు టైమింగులు, మూతపడ్డ దుకాణాలు. నన్నెవరూ చేయమనలేదు, పైసా రాదు. ఈమధ్య నేను పంపినవి చాలావరకు తిప్పికొడుతున్నారు, కారణం చెప్పరు. ఒక క్లినిక్ పక్క వీధికి మారిందని ఐదుసార్లు పంపాను. అందులో ఒకటి మా ఆయన ఫోన్ నుంచి. ఐదూ పోయాయి. అదే మార్పు మా తమ్ముడు సరదాగా పంపితే పది నిమిషాల్లో మ్యాప్‌లోకి ఎక్కింది. ‘నీకంటే నా మాటకే విలువక్కా’ అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. వాడితో మాట్లాడి పదిహేను రోజులైంది. ఇంత చిన్నదానికి ఏడుపొస్తోందంటే నాకే సిగ్గుగా ఉంది.

జవాబు: ముందు ఆ సిగ్గు వదిలేయండి. అడ్రసు తప్పుంటే జ్వరంతో ఉన్న మనిషి పాత గుమ్మం దగ్గర నిలబడాల్సి వస్తుంది. అది మీకు గుర్తొచ్చింది కాబట్టే ఐదుసార్లు పంపారు. అయితే ఒకటి గమనించాను. ఉత్తరంలో ఎక్కువ భాగం మ్యాప్ గురించే ఉన్నా, ఏడుపు మాట మాత్రం తమ్ముడి దగ్గరకు వచ్చాకే వచ్చింది. ఆ రెండూ వేర్వేరు బాధలు. మ్యాప్ సంగతి తేలిక, ముందు అది చూద్దాం.

మీ సవరణ అటు వెళ్లగానే ఎవరో పెద్దమనిషి కుర్చీలో కూర్చుని, మీ పేరు చూసి, పెదవి విరిచి కొట్టేస్తున్నట్టు మీకు అనిపిస్తోంది. నిజానికి చాలావరకు ఆ పని చేసేది ప్రోగ్రామే. అది మీ మాటను మిగతా మాటలతో పోల్చి చూస్తుంది. క్లినిక్ వెబ్‌సైట్‌లో పాత అడ్రసే ఉందా? యజమాని తన ఖాతాలో ఏమి రాసుకున్నాడు? వీధి ఫొటోలో బోర్డు ఎక్కడ కనిపిస్తోంది? వీటన్నిటికీ ఎదురుగా మీరొక్కరే నిలబడితే, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమైనా ‘అమలు చేయలేదు’ అనే వస్తుంది. దాన్ని మీరు ‘అబద్ధం’ అని చదువుకుంటున్నారు. దాని అర్థం ‘ఇంకా రుజువు కాలేదు’ అని మాత్రమే.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. గిట్టని పోటీదారు దుకాణం నడుస్తున్నా ‘శాశ్వతంగా మూసేశారు’ అని మ్యాప్‌లో గుర్తు పెట్టేవాళ్లున్నారు. లేని షాపులను సృష్టించేవాళ్లూ ఉన్నారు. గూగుల్ 2008లో మ్యాప్ మేకర్ అని ఒకటి తెచ్చింది. రోడ్లూ పార్కులూ మామూలు జనమే గీసేవాళ్లు. 2015లో ఎవరో గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ బొమ్మ పోటీ కంపెనీ ఆపిల్ గుర్తు మీద మూత్రం పోస్తున్నట్టు మ్యాప్‌లోనే గీసి పెట్టారు. కొన్ని నెలలు మ్యాప్ మేకర్‌నే ఆపేయాల్సి వచ్చింది, 2017లో పూర్తిగా మూసేశారు. ఆ చిలిపివాడికీ మీకూ తేడా ప్రోగ్రాముకు ముఖం చూసి తెలియదు కదా.

ఇక తమ్ముడి పది నిమిషాల సంగతి. వేర్వేరు మనుషులు ఒకే మాట చెప్పేకొద్దీ దాని బలం పెరుగుతుంది. అతను పంపే సరికి మీ మాట అక్కడ ఐదుసార్లు పడి ఉంది. అతను మొదటివాడు కాదు, మీ వెనక వచ్చిన సాక్షి. మీ ఐదూ లేకుండా అతనిది ఒక్కటే వెళ్లి ఉంటే అంత సులువుగా ఎక్కేదని నేననుకోను.

మీ ఆయన ఫోన్ నుంచి పంపడం మాత్రం ఇకమీదట వద్దు. ఒకే మనిషి రెండు ఖాతాలతో ఒకే చోటును మారుస్తుంటే మోసగాళ్ల పద్ధతికీ దానికీ తేడా కనబడదు. ఆయన స్వయంగా చూసి, ఆయనే పంపితే అది వేరు. కొట్టేసిన మార్పునే కోపంలో వెంటనే మళ్లీ పంపడం కూడా దండగే. ముందు కొత్త బోర్డు స్పష్టంగా కనిపించేలా ఫొటో పెట్టండి. ఒకసారికి ఒక్క వివరమే మార్చండి. పేరూ అడ్రసూ టైమింగూ కలిపి మారిస్తే కొత్త దుకాణమేమో అన్న అనుమానం వస్తుంది. వీటన్నిటికంటే నేరుగా పనిచేసేది ఇంకొకటి ఉంది: యజమానికి చెప్పడం. తనదేనని ధ్రువీకరించుకున్న యజమాని మార్పుకు ఉండే బరువు మనలాంటి వాళ్ల మాటకు ఉండదు. కౌంటర్ దగ్గర ‘మ్యాప్‌లో మీ పాత అడ్రసే ఉందండీ’ అని రెండు ముక్కలు చెబితే, చాలామంది కంగారుపడి ఆ రోజే మార్చుకుంటారు. పేరు మీకు రాదు, పని మాత్రం అవుతుంది. అది మీకు సరిపోతుందో లేదో మీరే చూసుకోవాలి.

పాయింట్ల మాట మీరు ఎత్తలేదు కానీ నేనడుగుతాను, రోజూ చూసుకుంటున్నారా? మ్యాప్‌కు వివరాలు పంపేవాళ్లకు పాయింట్లిచ్చే గూగుల్ లోకల్ గైడ్స్‌లో ఒక సవరణకు 5 పాయింట్లు, పదో లెవెల్‌కు లక్ష. సవరణలతోనే అక్కడికి చేరాలంటే ఇరవై వేలు పంపాలి! వారంలో ఒకరోజు కూర్చోండి, పంపండి, మూసేయండి. ఏమైందో మరుసటి వారం చూడండి. నోటిఫికేషన్లు ఆపేయండి. రాత్రి పడుకోబోయే ముందు ‘తిరస్కరించారు’ అన్న మాట చదవడం ఎవరికీ మంచిది కాదు.

ఇంతకీ ఈ పని అంటే మీకు ఇష్టమే అయితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూడండి. 2004లో మొదలైంది, స్వచ్ఛందంగా చేసేవాళ్లే నడుపుతున్నారు. అక్కడ మార్పును ముందుగా ఎవరూ ఆమోదించనక్కర్లేదు, మీరు సేవ్ చేస్తే మ్యాప్ డేటాలో చేరిపోతుంది. ఎవరైనా తీసేస్తే ఎవరు తీశారో పేరు కనిపిస్తుంది, ఎందుకని అడగొచ్చు, మనిషే జవాబిస్తాడు. ఒకోసారి ఘాటుగానే ఇస్తాడనుకోండి. వేరే మ్యాప్ నుంచి కాపీ చేయకూడదు, కళ్లారా చూసిందే రాయాలి. మీరు చేస్తున్నది ఎలాగూ అదేగా.

ఇప్పుడు తమ్ముడు. ‘నీకంటే నా మాటకే విలువ’ అన్నది మ్యాప్ గురించే అయితే మీరు ఆ పూటకే మర్చిపోయేవారు. పదిహేను రోజులు మోస్తున్నారంటే ఆ మాట మీ ఇంట్లో అంతకుముందు కూడా వేరే సందర్భాల్లో వినబడి ఉంటుంది. మీరు చెప్పినప్పుడు ఎవరూ తల తిప్పక, అతను చెప్పగానే అందరూ ఔనన్న విషయాలు రెండు మూడు గుర్తొస్తే కాగితం మీద రాసుకోండి. అతనికి చూపించడానికి కాదు. మ్యాప్ మీద కోపం ఎంత, ఇంట్లోవాళ్ల మీద కోపం ఎంత అన్నది విడదీసుకోవడానికి. ఆ నవ్విన వాళ్లలో మీ ఆయన కూడా ఉన్నారా? ఉంటే ఆయనతో ముందు మాట్లాడండి. ‘ఆ రోజు మీరు నవ్వడం నాకు కష్టంగా అనిపించింది’ అంటే చాలు, క్లినిక్ కథ మళ్లీ మొదటినుంచి చెప్పనక్కర్లేదు.

తమ్ముడికి మాత్రం మెసేజ్ పెట్టొద్దు, ఫోన్ చేయండి. మ్యాప్ మాట మీరు ఎత్తకండి, రెండో నిమిషంలో అతనే ఎత్తుతాడు. ఎత్తితే, ‘ఐదుసార్లు నేను తలుపు కొట్టాను, ఆరోసారి నువ్వు కొట్టేసరికి తీశారు. వచ్చే వారం ఇంకో రెండు షాపులున్నాయి, వచ్చి చూసి సాక్ష్యం చెబుతావా?’ అని అడగండి.