కర్సర్ ఆగినా చెయ్యి కదపకు

నాన్నా,

శనివారం రాత్రి నాలుగు సర్వర్ల నెట్‌వర్క్ కార్డులకు ఫర్మ్‌వేర్ (కార్డును లోపల నడిపించే ప్రోగ్రామ్) మార్చే పని నీకు ఒప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. నీ చేతికి ఇచ్చారంటే నమ్మారన్నమాట. చాలా సంతోషం వేసింది. కానీ ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్‌32లో ఫార్మాట్ చెయ్యి. నమ్మకమైన ప్రోగ్రామ్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తే ముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ దగ్గర పెట్టుకో, పనయ్యాక మళ్ళీ ఆన్ చెయ్యి. ఆపరేటింగ్ సిస్టమ్ రాకముందే కమాండ్లు కొట్టే ఈఎఫ్‌ఐ షెల్‌లోకి వెళ్ళి ఎఫ్‌ఎస్‌0: అని, చివర కోలన్‌తో కొడితే సాధారణంగా పెన్‌డ్రైవ్ దొరుకుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు నా సంగతి విను. నాకు నీ వయసే. డాస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఒక కార్డుకు ఫ్లాష్, అంటే కొత్త ఫర్మ్‌వేర్, రాస్తున్నాను. శాతం అంకె కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది. కర్సర్ కూడా కొట్టుకోవడం లేదు. నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. వెనక మేనేజరు నిలబడి "ఏమైంది?" అన్నాడు. టెన్షన్‌లో పవర్ బటన్ నొక్కిపట్టేశాను. అది హ్యాంగ్ కాలేదురా, పాత భాగాన్ని చెరిపి కొత్తది రాస్తోంది. మళ్ళీ బూట్ చేస్తే జాబితాలో ఆ కార్డే లేదు. నెట్‌వర్క్‌లో కార్డును గుర్తుపట్టే మ్యాక్ అడ్రస్ ఉండేది నేను రాస్తున్న ఆ ఫ్లాష్ మెమరీలోనే, నేను బ్యాకప్ తీయలేదు. కవరు విప్పి, టార్చి పళ్ళతో పట్టుకుని, కార్డు మీది చిన్న స్టిక్కర్‌లో పన్నెండు అక్షరాలు చదివాను. ఒకటి ఎనిమిదో బీయో తేలలేదు. చివరికి కొత్త కార్డు వేస్తే, పాత మ్యాక్‌కు ముడిపెట్టిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు పనిచేయనంది. తెల్లారేదాకా అక్కడే నేల మీద కూర్చున్నాను.

2008లో లినక్స్ 2.6.27 టెస్ట్ వెర్షన్లలో ఒక బగ్ వల్ల ఈ1000ఈ డ్రైవర్ వాడే ఇంటెల్ నెట్‌వర్క్ చిప్పుల్లో ఇదే మెమరీ పాడైంది. ముందుగా కాపీ తీసి దాచుకోమని అప్పట్లో అందరికీ చెప్పారు. ఆ వార్త చదివినప్పుడు నా చేతులు వణికాయి.

అందుకని, ఇంటెల్ ఎన్‌వీఎం (ఎన్‌వీఎం అంటే ఆ మెమరీయే) అప్‌డేట్ టూల్ బ్యాకప్ తీయనా అని అడిగితే వై అను. నీది వేరే కంపెనీ టూల్ అయితే, పాత ఇమేజ్‌ని ఫైల్‌లోకి తీసే కమాండ్ ఉందేమో మాన్యువల్ చూసి ఆ తర్వాతే మొదలుపెట్టు. ప్రతి పోర్టు మ్యాక్ అడ్రస్‌నీ కాగితం మీద రాయి. టూల్ ఇచ్చే పోర్టు నంబరు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని నంబరు ఒకటే అనుకోకు, అడ్రస్ చూసే పోల్చుకో. అన్ని కార్డులకూ ఒకేసారి రాసే ఆప్షన్ మొదటి రాత్రి ముట్టుకోవద్దు. ఒకటి రాసి, లింక్ లైటు వెలిగి, పింగ్ (కనెక్షన్ పరీక్ష) వెళ్ళాకే రెండోది.

ఇంకొకటి. ఇంట్లో కూర్చుని రిమోట్ కన్సోల్‌లో చేద్దామనుకుంటున్నావేమో. ఆ కన్సోల్ నువ్వు ఫ్లాష్ చేసే పోర్టు మీదే నడుస్తుంటే, మధ్యలో నీ స్క్రీనే పోతుంది. విడిగా మేనేజ్‌మెంట్ పోర్టు లేకపోతే వెళ్ళి సర్వర్ ముందే కూర్చో. యూపీఎస్ చూసుకో.

పూర్తయ్యాక పవర్ సైకిల్ చేయమంటే, రీబూట్‌తో సరిపెట్టకు. పవర్ పూర్తిగా తీసి కాసేపాగి పెట్టు.

తొందరపెట్టేవాళ్ళు ఉంటారు. నేను పక్కనుంటే వాళ్ళను కాసేపు బయటికి తీసుకెళ్ళేవాణ్ణి. శనివారం మొదటి కార్డు మొదలుపెట్టే ముందు, మ్యాక్ అడ్రస్‌లు రాసిన ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. రాత్రి ఎంతైనా సరే, అది వచ్చేదాకా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య