తల వాలిన కుందేలు: మిగతావాటిని ఇచ్చేయాలా?

పాఠకుల ప్రశ్నలు – పశువైద్యుని సమాధానాలు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారములు. మాది రాజోలు దగ్గర కాలువ గట్టున ఉన్న పల్లె. మా అమ్మాయి ముచ్చటపడి మూడు కుందేళ్లను పెంచుకుంటోంది. వీధి అరుగు మీద రెండంతస్తుల ఇనుప బోనులో పై అరలో మగది, కింది అరలో రెండు ఆడవి ఉంటాయి. వారం కిందట మగదాని తల ఉన్నట్టుండి కుడివైపునకు వాలిపోయింది. లేవబోతే దొర్లిపోతోంది, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. చెవిలో చీముగానీ చెక్కుగానీ కనబడలేదు. ఇది మెదడుకు పట్టే పరాన్నజీవి వ్యాధి అనీ, మూత్రం ద్వారా అంటుకుంటుందనీ, మిగతా రెండింటినీ వెంటనే ఎవరికైనా ఇచ్చేయమనీ మా బంధువొకరు అంటున్నారు. మా అత్తగారికి మూత్రపిండం మార్పిడి జరిగింది, రోజూ మందులు వాడుతున్నారు. ఆవిడకేమైనా ప్రమాదమా? మిగతా కుందేళ్లను ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా రెండింటినీ ఎవరికీ ఇవ్వకండి. వాటికి ఆ సూక్ష్మజీవి ఇప్పటికే సోకి ఉంటే మీరు రోగాన్ని మరొకరి ఇంటికి సాగనంపినట్టవుతుంది. సోకకపోయి ఉంటే వాటిని పంపించవలసిన అవసరమే లేదు.

మీ బంధువు చెప్పిన వ్యాధి ఉన్నమాట నిజమే. దానికి కారణమైన సూక్ష్మజీవి పేరు ఎన్‌సెఫలిటోజూన్ కునిక్యులి. కాళ్లు పడిపోయిన కుందేళ్లలో దీన్ని 1922లో తొలిసారి వర్ణించారు. చాలాకాలం ఏకకణ జంతువుల కోవలో చేర్చినా, ఇప్పుడు శిలీంధ్రాలకు దగ్గరి చుట్టంగా లెక్కిస్తున్నారు. సోకిన కుందేలు మూత్రంలో దీని సిద్ధబీజాలు (స్పోర్లు, అంటే ఇది వ్యాపించే విత్తనాల వంటి సూక్ష్మ కణాలు) బయటికి వస్తాయి. ఆ మూత్రం తగిలిన మేత తిన్న మరో కుందేలుకు అవి సోకి, ముందు మూత్రపిండాల వంటి అవయవాలలోనూ, ఆ తరువాత మెదడులోనూ చేరతాయి. తల్లి నుంచి కడుపులోని పిల్లలకు కూడా ఇది రావచ్చు.

అయితే తల వాలిన ప్రతి కుందేలుకూ ఈ వ్యాధే ఉందనుకోవడం పొరపాటు. లోపలి చెవికి పాశ్చురెల్లా వంటి బాక్టీరియా సోకినా తల సరిగ్గా ఇలాగే వాలుతుంది, కళ్లు ఇలాగే కొట్టుకుంటాయి. చెవి పైకి శుభ్రంగా కనబడుతోందని మీరు రాశారు గానీ, చీము కర్ణభేరి వెనుక ఉంటే మన కంటికి కనబడదు. కాబట్టి మీ పశువైద్యుడిని చెవిలోపలి భాగాన్ని పరికరంతో చూడమనండి, అవసరమనుకుంటే పుర్రె ఎక్స్‌రే తీయమనండి. దెబ్బ తగిలినా ఇటువంటి లక్షణాలు కనిపించవచ్చు కనుక, పై అర నుంచి కింద పడిందేమో ఇంట్లో పిల్లలను మెల్లగా అడిగి చూడండి.

ఈ పరాన్నజీవికి రక్తపరీక్ష ఉంది గానీ, దాని ఫలితాన్ని అర్థం చేసుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఆ పరీక్షలో కనబడేవి యాంటీబాడీలు, అంటే సోకిన జీవిని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలు. కాబట్టి ఆ కుందేలుకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకిందని మాత్రమే తెలుస్తుంది. బ్రిటన్‌లో 2006లో వెలువడిన ఒక పరిశీలనలో, ఏ జబ్బూ లేని పెంపుడు కుందేళ్లలోనే సుమారు సగానికి ఈ యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. అందువల్ల ఫలితం పాజిటివ్‌ అని వస్తే తల వాలడానికి ఇదే కారణమని రుజువు కాదు. నెగటివ్‌ అని వస్తే మాత్రం ఈ అనుమానాన్ని చాలావరకు పక్కన పెట్టవచ్చు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు నమూనా పంపే వీలుందేమో మీ డాక్టరు ద్వారా కనుక్కోండి. ఈ స్థితిలో కుందేలును బస్సులో అంతదూరం తిప్పడం నాకు ఇష్టం లేదు.

పరీక్ష కోసం ఆగకుండా, అనుమానం బలంగా ఉంటే వైద్యం మొదలుపెట్టడమే సాధారణ పద్ధతి. మందు ఫెన్‌బెండజోల్; మోతాదు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి, వరుసగా 28 రోజులు. పశువుల మందుల దుకాణంలో అమ్మే సీసాలన్నీ ఒకే గాఢతలో ఉండవు కాబట్టి లేబుల్ చదివి తీరాలి. రెండు కిలోల కుందేలుకు 40 మిల్లీగ్రాములు కావాలి, 2.5 శాతం ద్రవమైతే అది 1.6 మిల్లీలీటర్లు, 10 శాతం ద్రవమైతే 0.4 మిల్లీలీటర్లు మాత్రమే. గేదెలకు తాగించే మందును 'ఒక మూత' చొప్పున పోయడం వల్ల మోతాదు అనేక రెట్లు దాటిపోతుంది. ఈ మందు ఎక్కువైతే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోయే ప్రమాదముంది. కుందేలును తక్కెడలో తూచి, సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో, ముందు పళ్ల పక్కనున్న ఖాళీలోంచి నెమ్మదిగా పట్టండి. మందు పరాన్నజీవిని అదుపు చేస్తుందే తప్ప అప్పటికే దెబ్బతిన్న నరాలను బాగుచేయలేదు. అందుచేత తల కొంత వంకరగానే మిగిలిపోవచ్చు. అలా మిగిలినవి కూడా తింటూ తిరుగుతూ హాయిగా బతుకుతాయి.

నిజానికి ఈ దశలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పరాన్నజీవి కాదు, తిండి. కళ్లు తిరుగుతున్న కుందేలు గిన్నె దాకా వెళ్లలేదు. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే దాని పేగుల కదలిక మందగించి, ప్రాణానికే ముప్పు వస్తుంది. పెంటికలు చిన్నవైపోయినా, రావడం ఆగిపోయినా అది అత్యవసరమే. గరిక, కొత్తిమీర కట్టను నేరుగా నోటి దగ్గర పెట్టండి. అప్పటికీ తినకపోతే దాణా గుళికలను నీళ్లలో నానబెట్టి, మెత్తగా నూరి, సిరంజితో కొద్దికొద్దిగా తినిపించండి. దొర్లినప్పుడు దెబ్బ తగలకుండా పాత చీరలను చుట్టలుగా చుట్టి దానికి రెండు పక్కలా ఒత్తుగా పెట్టండి. వాలిన వైపు కన్ను నేలకు రాసుకుంటుంది గనుక రోజూ చూస్తూ ఉండండి. ఎవరైనా అమాక్సిసిలిన్ గానీ, ఆంపిసిలిన్ గానీ నోటి ద్వారా వేయమంటే వేయకండి. అవి కుందేలు పేగుల్లోని మేలుచేసే బాక్టీరియాను చంపి, ప్రాణాల మీదికి తెస్తాయి.

ఇక ఆడ కుందేళ్ల సంగతి. సోకిన సుమారు నెలకు మూత్రంలో సిద్ధబీజాలు రావడం మొదలై, మూడు నెలలు గడిచేసరికి చాలావరకు ఆగిపోతుంది. తల వాలడం తరచు ఆ గడువు దాటాక, ఒక్కోసారి ఏళ్ల తరువాత బయటపడుతుంది. అంటే మగది అంటించవలసిందేదైనా ఉంటే ఈపాటికే అంటించి ఉంటుంది. మీ ఉత్తరంలో నా దృష్టి నిలిచిన మాట 'రెండంతస్తుల బోను'. పై అర తొట్టి ఏ కాస్త పక్కకు జరిగినా, అంచు తుప్పుపట్టి చిల్లుపడినా, మూత్రం తిన్నగా కింది అరలోని మేత మీద పడుతుంది. ముందు బోనులను పక్కపక్కన పెట్టించండి. మేతను నేల మీద పరచకుండా గోడకు తగిలించే బుట్టలో వేయండి. ఆడవాటికి కూడా ఫెన్‌బెండజోల్ వేయాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి. ఏ లక్షణమూ లేకుండా చురుగ్గా తింటున్నవాటికి నేనైతే తొందరపడి వేయను. వెనుక కాళ్లు బలహీనపడటం, నీళ్లు ఎక్కువగా తాగడం, మూత్రం ఆగక కారడం కనబడితే మాత్రం ఆలస్యం చేయవద్దు.

సిద్ధబీజాలు 22 డిగ్రీల వేడిలో, పొడిగా ఉన్నచోట కూడా కనీసం నాలుగు వారాలు బతుకుతాయి. కాబట్టి తొట్లను రోజూ కడగండి, మరిగే నీళ్లు పోయండి, తరువాత బ్లీచింగ్ పౌడరు నీళ్లతో తుడవండి. మూత్రాన్ని ముందు మంచినీళ్లతో పూర్తిగా కడిగేశాకే బ్లీచింగ్ వాడాలి. రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు హానిచేసే వాయువు పుడుతుంది. వానాకాలంలో అరుగు మీద ఎన్నటికీ ఆరని గోనెపట్టాలను తీసేయడమే మేలు.

మీ అత్తగారి విషయంలో మీ భయం అర్థవంతమైనదే. ఆరోగ్యవంతులకు ఈ జీవి వల్ల జబ్బు రావడం అరుదు. కానీ అవయవ మార్పిడి తరువాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలోనూ, హెచ్‌ఐవీ ఉన్నవారిలోనూ ఇది జబ్బు తెచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. ఆవిడ బోను శుభ్రం చేయకూడదు, తొట్టి ముట్టుకోకూడదు. బోనును ఆవిడ కూర్చునే చోటికి, వంటింటికి దూరంగా పెట్టండి. శుభ్రం చేసినవారు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఆవిడకు భోజనం వడ్డించాలి. ఇంట్లో కుందేలుకు ఫలానా వ్యాధి ఉందని అనుమానిస్తున్నట్టు ఆవిడకు మూత్రపిండ వైద్యం చేస్తున్న డాక్టరుకు తప్పక చెప్పండి.

ప్రశ్న: మా కుందేలు చెవుల లోపల గోధుమరంగు చెక్కు మందంగా కట్టింది, ఎప్పుడూ తల విదిలిస్తోంది. కుక్కల పిడుదులకు మెడ మీద వేసే చుక్కల మందు దుకాణంలో ఇచ్చారు. వేయవచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: వేయకండి. ఆ చుక్కల మందుల్లో కొన్నింటిలో ఫిప్రోనిల్ ఉంటుంది. అది కుందేళ్లను చంపగలదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది చెవిలో చేరే సన్నని పురుగు వల్ల వచ్చే చెవి గజ్జిలాగే ఉంది. చెక్కును గోకి ఊడదీయవద్దు, కింద పచ్చిపుండు ఉంటుంది. పురుగు చచ్చాక అదే రాలిపోతుంది. పశువైద్యుడు బరువు చూసి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇస్తారు, సుమారు రెండు వారాల తరువాత మళ్లీ ఇస్తారు. రెండోది మానేస్తే గుడ్ల నుంచి వచ్చిన పురుగులతో గజ్జి తిరగబెడుతుంది. కలిసి ఉండే కుందేళ్లన్నింటికీ ఒకేసారి వైద్యం చేయించాలి. ఈ పురుగు అనుకూలమైన చోట కుందేలు ఒంటి మీద లేకుండానే మూడు వారాల దాకా బతకగలదు కనుక బోనులోని పరుపు గడ్డిని తీసి కాల్చేయండి.